రాజేశ్వరి స్పానిష్ మౌనం

ఆ శనివారం రాజేశ్వరి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా తెలుగు మాట్లాడకూడదు, రాయకూడదు. నోరు తెరిస్తే స్పానిష్ రావాలి, రాకపోతే నోరు మూసుకోవాలి. సరిగ్గా ఆరుకు కర్నూలు నుంచి యామిని టీచర్ ఫోన్ చేసి ఐదు ప్రశ్నలు అడుగుతుంది. ఐదింటికీ జవాబు చెబితే పరీక్ష అయిపోయినట్టే. ఏకాదశి కూడా కలిసి వచ్చింది కాబట్టి ఆ రోజు వంట పని సగమే.

తెల్లవారగానే తలస్నానం చేసి, మద్దిలేటి నరసింహస్వామి పటం ముందు దీపం పెట్టి, అరచేతిలో నీళ్లు పోసుకుని సంకల్పం చెప్పుకుంది. "స్వామీ, ఆరు నుంచి ఆరు దాకా నాకు తెలుగు లేదు. నీకు అన్ని భాషలూ వచ్చు. నేనేమన్నా అడిగితే తప్పులు చూడకుండా సర్దుకో." పరీక్ష కోసం దేవుడి ముందు సంకల్పం ఏమిటనే అనుమానం ఆమెకు రాకపోలేదు. పదో తరగతి పిల్లలు హాల్ టికెట్ తెచ్చి స్వామి పాదాల దగ్గర పెడుతున్నారు కదా, యాభై రెండేళ్ల పిల్లకు మాత్రం ఎందుకు కూడదని తనే సమాధానపడింది.

సంకల్పానికి ముందే ఒక చీటీ రాసి హాల్లో ఉన్న ఫ్రిజ్ తలుపుకు అంటించింది. "ఈ పొద్దు సాయంత్రం ఆరు దాకా తెలుగు మాట్లాడను. పరీక్ష ఉండాది. కోపం కాదు. ఉప్మా హాట్ ప్యాకులో ఉండాది."

స్పానిష్ ఎందుకని బేతంచెర్లలో ఆమెను అడగని మనిషి లేడు. రెండేళ్ల కిందట స్పెయిన్ నుంచి భార్యాభర్తలిద్దరు నేలకు పరిచే పాలిష్ బండలు చూడడానికి వచ్చారు. రాజేశ్వరి వాళ్ల ఫ్యాక్టరీ చూసి, ఇంటికొచ్చి, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగారు. ఆ వచ్చినావిడ వెంట ఉన్న దుబాసీ ద్వారా మూడు ప్రశ్నలు అడిగింది. మీ పేరేమిటి, ఈ ఊరు మీకు నచ్చిందా, మీకేం ఇష్టం? మూడుసార్లూ రాజేశ్వరి నోరు తెరిచింది. మూడుసార్లూ ఆమె భర్త ఉమామహేశ్వర జవాబు చెప్పాడు. మూడో దానికి ఆయన చెప్పిన జవాబు, "ఆమెకు మా బండల ఫ్యాక్టరీ అంటే శానా ఇష్టం." ఇరవై తొమ్మిదేళ్లుగా పాలిష్ మిషన్ రొదకు తలనొప్పి మాత్ర వేసుకుంటున్న మనిషి ఆమె.

ఈ ఇంట్లో తన బదులు ఇంకొకరు జవాబు చెప్పలేని భాష ఒక్కటైనా ఉండాలని ఆ రోజే అనుకుంది. కర్నూలులో ఒక కాలేజీ వాళ్లు పెద్దవాళ్ల కోసం ఆదివారాలు స్పానిష్ క్లాసులు పెట్టారని పేపర్లో చూసి, మరుసటి ఆదివారమే బస్సెక్కింది. అక్షరాలు వచ్చాయి, పదాలు వచ్చాయి. తీరా మాటల పరీక్ష రోజు టీచర్ "మీ పేరేమిటి?" అని స్పానిష్‌లో అడిగేసరికి, రాజేశ్వరి అలవాటు ప్రకారం పక్కకు తిరిగి భర్త కోసం చూసింది. పక్కన గోడ ఉంది. పరీక్ష పోయింది.

"ఈ తూరి కూడా పోతే ఇంక కర్నూలు బస్సు ఎక్కేది లేదు," అన్నాడు ఉమామహేశ్వర.

"ఈ తూరి పోదు," అంది రాజేశ్వరి.

ఆమె నోటికి పట్టిన అలవాటు వదలాలనే యామిని టీచర్ ఈ పన్నెండు గంటల మందు రాసింది.

అయితే ఉమామహేశ్వరకు ఆ శనివారం వేరే పరీక్ష ఉంది. మర్నాడు బండల పాలిష్ యజమానుల సంఘానికి ఎన్నిక. అధ్యక్ష పదవికి ఆయనా, ఎదురు వీధి పెద్ద ఈరన్నా పోటీ. మారెన్న అని మూడో ఆయన కూడా నామినేషన్ వేశాడు గానీ, ఆయన్ను ఎవరూ లెక్కలో పెట్టుకోలేదు. రాజేశ్వరి దేవుడి గదిలో ఉండగానే ప్రెస్ నుంచి కరపత్రాలు వచ్చాయి. ఉమామహేశ్వర ఉత్సాహంగా మైదా పిండి ఉడికించి గేటుకూ, వాకిలికీ, ఇన్వర్టర్‌కూ, ఫ్రిజ్ తలుపుకూ తన నవ్వు ముఖం అంటించుకుంటూ పోయాడు.

ఆరు దాటాక కాఫీ కోసం వంటింట్లోకి వచ్చాడు. "ఏమే, నా తెల్ల చొక్కా యాడ?"

రాజేశ్వరి దండెం వైపు వేలు చూపింది.

"నోటితో చెప్పొచ్చు కదా. కోపమా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. చీటీ చదివి కూడా అడుగుతున్నాడేమిటని ఆశ్చర్యపోయింది. ఉమామహేశ్వరకు మాత్రం భయం పట్టుకుంది. రాజేశ్వరి అరిచిన రోజులు ఆయనకు తెలుసు, ఊరకున్న రోజు తెలియదు.

"మీ తమ్మున్ని మొన్న పెండ్లిలో ఎనక వరసలో కూర్చోబెట్టినందుకా? ఆ వరస నేను చెప్పలేదు." ఆమె కదలలేదు. "మరి ఏంటికి? పోయిన శనివారం సంగతి ఎవురన్నా చెప్పినారా? ఒక్క ముక్కే, డోన్ హోటల్లో, వాళ్లందరూ బలవంతం చేస్తే. స్వామికి అప్పుడే దండం పెట్టుకున్యా."

శనివారాలు ఆ ఇంట్లో మాంసం ముట్టరు. రాజేశ్వరి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆమె వైపు చూసి ఉమామహేశ్వర కాఫీ తాగకుండానే చొక్కా తీసుకుని వెళ్లిపోయాడు. ఈ సంగతికి స్పానిష్‌లో తగిన మాట ఒక్కటి కూడా తెలియకపోయినందుకు ఆమె చాలా బాధపడింది.

ఎనిమిదింటికి పక్కింటి అంజనమ్మ పాలు తోడు పెట్టుకోవడానికి చెంచాడు పెరుగు కోసం వచ్చింది. పెరుగు తీద్దామని ఫ్రిజ్ దగ్గరికి వెళ్లిన రాజేశ్వరికి, చీటీ ఉండవలసిన చోట భర్త నవ్వుతూ కనిపించాడు. గోటితో గీకి చూసింది. మైదా పట్టు గట్టిది. ఆయన గడ్డం చిరిగి వచ్చింది, దాంతో పాటు చీటీలో "కోపం కాదు" అన్న ముక్కా వచ్చింది. ఇంకో చీటీ రాద్దామంటే స్వామి దగ్గర చెప్పిన మాటలో రాయకూడదని కూడా ఉంది.

అంజనమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. తడి జుట్టు, పట్టుచీర, దీపం, ఏకాదశి, కదలని నోరు.

"మౌనం పట్టినావా వదినా?"

మౌనమైతే నిజమే కాబట్టి రాజేశ్వరి తల ఊపి, సాయంత్రం దాకా అని గడియారంలో ఆరు అంకె చూపించింది.

"ఎవురి కోసరం?"

నా కోసం అని చెప్పడానికి రాజేశ్వరి అరచేయి తన గుండె మీద పెట్టుకుంది. ఏ దేశంలోనైనా ఆ సైగకు ఒకటే అర్థం. కానీ అక్కడ గుండె మీద తాళిబొట్టు ఉంది.

"అబ్బ, తాళి పట్టుకొని చెప్పినావు!" అంజనమ్మ కళ్లు తుడుచుకుంది. "మొగుడు గెలవల్లని మౌనమా! ఇంత మనసు పెట్టుకొని బయటికి చెప్పకపోతివే!"

రాజేశ్వరి తల అడ్డంగా ఊపింది. ఇంకోసారి గుండె తట్టుకుంది. తాళి గలగలమంది. అంజనమ్మ పెరుగు గిన్నె మరిచిపోయి వీధిలోకి పరుగెత్తింది.

తొమ్మిదింటికి ఆ సంగతి టీ అంగడి దగ్గర ఉమామహేశ్వర చెవిన పడింది. తనకు భార్య కోపం అనుకున్నది వ్రతమని తెలిసి ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "నాకు తెలుసప్పా," అన్నాడు చుట్టూ ఉన్నవాళ్లతో. "రాత్రే చెప్పింది. వద్దే, ఆరోగ్యం చూస్కో అన్యా. ఇనలేదు." గంటలో మైకు ఆటో రామాంజి ఊరంతా తిరిగాడు. "సంఘ సభ్యులారా! మన ఉమామహేశ్వరన్న సతీమణి పొద్దున నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టకుండా మౌనవ్రతం చేస్తాండారు!" అప్పుడు రాజేశ్వరి వంటింట్లో నిలబడి రెండో గ్లాసు మజ్జిగ తాగుతోంది.

పెద్ద ఈరన్న ఊరకే కూర్చునే రకం కాదు. నేరుగా ఇంటికి పోయి భార్య సిద్దమ్మను పిలిచాడు. "ఇంగ మాట్లాడద్దు. రేపు ఓట్లు అయ్యేదాకా నువ్వూ మౌనమే. వాళ్లది పన్నెండు గంటలంట, మనది ఇరవై నాలుగు దాటల్ల." సిద్దమ్మ గొంతు పాలిష్ మిషన్ ఆడుతుండగా కూడా అవతలి గేటు దాకా వినిపించేది. "ఏంటికి?" అని అడగబోయింది. "అదిగో, మల్లా!" అని ఈరన్న ఆమె నోటికి చేయి అడ్డం పెట్టాడు.

ఇక ఆడవాళ్లు రావడం మొదలైంది. మౌనం విడిచేటప్పుడు వచ్చే మొదటి మాట జరిగి తీరుతుందని అక్కడి పెద్దల నమ్మకం. పసుపు కుంకుమలతో వచ్చి కాళ్లకు దండం పెట్టి, చెవిలో ఎవరి పని వాళ్లు చెప్పుకున్నారు. ఒకామె బోరులో నీళ్లు పడాలంది. ఒకామె అత్త కోయిలకుంట్లలో ఉన్న రెండో కొడుకు దగ్గరికి పోవాలంది. అంజనమ్మ తన కూతురికి ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం కావాలంది. "మొదటి మాట అదే చెప్పల్ల వదినా, మరచిపోవద్దు."

రాజేశ్వరి పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆమె ఐదు జవాబులు వల్లె వేసుకుంటోంది. "చూడండి, జపం," అని ఆడవాళ్లు గొంతు తగ్గించారు. ఒకరు చెవిలో బోరు గురించి చెబుతుంటే రెండో జవాబు ఎగిరిపోయింది. ఇంకొకరు కాళ్లు పట్టుకుంటే నాలుగోది పోయింది. నేను మాట్లాడితే నా బదులు ఒక్కడే మాట్లాడేవాడు, మాట్లాడకపోతే ఊరంతా నా బదులు మాట్లాడుతోంది, అనుకుంది. గడియారం చూస్తే మూడు. ఇప్పుడు గట్టిగా ఒక్క తెలుగు మాట అంటే ఈ గోల ముగిసిపోతుంది. పటంలో స్వామి వైపు చూసింది. స్వామి ఏమీ అనలేదు. ఆయనదీ మౌనమే. ఆమె పళ్లు బిగబట్టి మళ్లీ ఒకటో జవాబు దగ్గర మొదలుపెట్టింది.

నాలుగుకల్లా వాకిట్లో షామియానా లేచింది. నడుమ కుర్చీ, కుర్చీ ముందు రామాంజి మైకు. ఆరు గంటలకు మొదటి మాట అందరూ వినాలని ఉమామహేశ్వర ఏర్పాటు. ఐదింటికి పెద్ద ఈరన్న కూడా భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. "మావాళ్లది కూడా మౌనమే. ఎవురిది గట్టిదో జనం చూడనీ." రాజేశ్వరిని అప్పటికే కూర్చోబెట్టిన కుర్చీకి ఎదురుగా సిద్దమ్మకు ఇంకో కుర్చీ వేశారు.

పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ ఇద్దరూ ఒకే పాల క్యాను దగ్గర నిలబడి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. భర్తల మధ్య చెడాక మాటలు ఆగిపోయాయి. పదకొండేళ్ల తర్వాత ఎదురెదురుగా కూర్చుంటే, మాట్లాడే వీలు లేదు. సిద్దమ్మ కనుబొమ్మలు ఎగరేసింది, ఏమిటిదంతా అన్నట్టు. రాజేశ్వరి ఒళ్లోని స్పానిష్ నోటుపుస్తకం కొంచెం తెరిచి చూపించి, అరచేయి గుండె మీద పెట్టుకుంది. సిద్దమ్మ ఆ చేతిని చూసింది. తాళిని కాదు, చేతిని. తర్వాత వేలు చాచి రాజేశ్వరిని చూపించింది. నీ కోసమా?

పొద్దున్నుంచి ఊరంతటిలో సరిగ్గా అర్థం చేసుకున్నది ఆ ఒక్క మనిషి. రాజేశ్వరి తల ఊపింది. ఇద్దరి భుజాలూ కదలడం మొదలుపెట్టాయి. చీర కొంగులు నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు. "ఏడుస్తాండారు, భక్తి," అని అంజనమ్మ అందరికీ వివరించింది.

సరిగ్గా ఆరుకు ఫోన్ మోగింది. రాజేశ్వరి చేయి చాపేలోగా ఉమామహేశ్వర ఫోన్ లాక్కుని స్పీకర్ నొక్కాడు. "హలో! ఆమె వ్రతంలో ఉండాది. ఏమన్నా ఉంటే నాకు చెప్పండి, నేను చెప్తా."

యామిని టీచర్ పరీక్ష నియమం తప్పే మనిషి కాదు. పరీక్ష మొదలయ్యాక తెలుగు లేదు. మొదటి ప్రశ్న స్పానిష్‌లోనే అడిగింది. మైకు దగ్గరే ఉండడంతో అది వీధి చివరి దాకా వినిపించింది.

ఉమామహేశ్వర నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. టీచర్ మళ్లీ అడిగింది. ఆయన ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి, "సిగ్నల్ లేదు," అన్నాడు.

"సిగ్నల్ శానా బాగుండాదన్నా," అన్నాడు రామాంజి. "నీకే రాల్యా."

ఇరవై తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆయన భార్య కోసం పక్కకు చూశాడు. రాజేశ్వరి లేచి ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుంది. ఒక్క క్షణం ఐదు జవాబులూ కనిపించకుండా పోయాయి. పక్కకు చూడలేదు. ఎదురుగా సిద్దమ్మ ఉంది.

"మే యామో రాజేశ్వరి," అంది.

తన పేరు తన గొంతులో అంత పెద్దగా, మైకులో, ఆమె ఎప్పుడూ వినలేదు. తర్వాత ఊరు అడిగితే బేతంచెర్ల అంది. ఇంట్లో ఎవరంటే తానూ, భర్తా, పాలిష్ మిషనూ అంది. రోజంతా ఏం చేస్తారంటే, అన్నీ, అంది. చివరిది అసలు ప్రశ్న. స్పానిష్ ఎందుకు నేర్చుకుంటున్నారు?

"పారా కొంతెస్తార్ యో మిస్మా."

ఫోన్‌లో టీచర్ మార్కులు వేసుకుంది. తర్వాత తెలుగులోకి దిగింది. "రెండు మూడు తప్పులు దొర్లాయి రాజేశ్వరిగారూ. అయినా పాస్."

షామియానా కింద చప్పట్లు మారుమోగాయి. ఆడవాళ్లు లేచి దండాలు పెట్టారు. ఉమామహేశ్వర తేరుకుని మైకు అందుకున్నాడు. "ఇన్నారు కదా! అదంతా సంస్కృతం. నేను గెలిచి తీరుతా అని ఆమె చెప్పింది."

రాజేశ్వరి గడియారం చూసింది. ఆరు దాటి ఏడు నిమిషాలు. మైకు ఆయన చేతిలోంచి నెమ్మదిగా తీసుకుంది.

"అది సంస్కృతం కాదు, స్పానిష్. నా పేరు, నా ఊరు చెప్పినా. చివర్లో చెప్పింది, నా జవాబు నేనే చెప్పుకోను నేర్చుకుంటాండా అని. ఈ మౌనం నా పరీక్ష కోసరం. మా ఆయన గెలవల్లని కాదు, ఓడిపోవల్లని కాదు. నీళ్లు ముట్టలేదనేది అబద్ధం, మూడు గ్లాసుల మజ్జిగ తాగినా. బోరు సంగతి, అత్త సంగతి స్వామికి మీరే చెప్పుకోండి, ఆయనకు తెలుగొచ్చు."

బోరు కోసం వచ్చినామె కుంకుమ పొట్లం తిరిగి కొంగున కట్టుకుంది.

"ముందే ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదే!" అన్నాడు ఉమామహేశ్వర, గొంతు తగ్గించి. మైకు అది కూడా వదలలేదు.

"రాసి పెట్టినా. దాని మీద నీ మొగం అంటించినావు. ఇంగ ఆ డోన్ సంగతి ఇంట్లో మాట్లాడుకుందాం."

"డోన్‌లో ఏందప్పా?" అని వెనక వరసలోంచి ఎవరో అడిగారు.

మర్నాటి ఎన్నికలో ఉమామహేశ్వరా గెలవలేదు, పెద్ద ఈరన్నా గెలవలేదు. మారెన్న గెలిచాడు. రెండు ఇళ్లలో మౌనం నడుస్తున్నప్పుడు ఆయన భార్య శివకుమారి ఒక్కతే ఇంటింటికీ తిరిగి మాట్లాడిందట. పెద్ద ఈరన్నకు ఓడిపోయిన బాధ కన్నా ఇంకోటి పట్టుకుంది. ఓట్లయిపోయినా సిద్దమ్మ నోరు తెరవలేదు. ఆయన బతిమాలాడు, అరిచాడు, జిలేబీ తెచ్చాడు. ఆమెకు ఆ నిశ్శబ్దం బాగా నచ్చింది. బుధవారం పొద్దున నేరుగా రాజేశ్వరి ఇంటికి వచ్చి, నాలుగు రోజుల తర్వాత మొదటి మాట మాట్లాడింది.

"కర్నూలు బస్సు ఆదివారం ఎన్ని గంటలకే?"

ఉమామహేశ్వర వారం రోజులు ముభావంగా తిరిగాడు. ఆపైన ఒక ఆదివారం ఉదయం కాఫీ కోసం వంటింట్లోకి వస్తే కాఫీ లేదు, భార్య లేదు, ఫ్రిజ్ తలుపు మీద కొత్త చీటీ ఉంది. ఈసారి ఆయన దాని మీద ఏమీ అంటించలేదు, శ్రద్ధగా చదవబోయాడు. నాలుగు వరుసలూ స్పానిష్‌లో ఉన్నాయి. ఫోన్ చేస్తే, పై క్లాసుకు పోయే కర్నూలు బస్సు చప్పుడులో రాజేశ్వరి, "నేనెందుకు చెప్పల్ల, నువ్వే చదువుకో," అంది. వెనకాల సిద్దమ్మ నవ్వు వినిపించింది.

ఆ చీటీలో ఏముందో తెలుసుకోవడానికి ఆయన తర్వాతి బ్యాచ్‌లో చేరవలసి వచ్చింది. దరఖాస్తులో "ఈ భాష ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారు?" అన్న గడి దగ్గర కలం ఆపి భార్య వైపు చూశాడు. రాజేశ్వరి కిటికీలోంచి బయటికి చూసింది.

ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.